గోడలోని గొట్టములు

ఇల్లు పాతబడుచున్నదనుటకు గుఱుతులు మనకు ముందుగా గోడలమీదనో తలుపులమీదనో కనబడును. సున్నము రాలిన వెల్ల వేయించెదము. తలుపు వాలిన వడ్రంగిని పిలిపించెదము. దూలమునకు చెద కనబడిన నాడే మందు కొట్టించెదము. కాని గోడలలో పలు వంకలు తిరిగి స్నానపుగదికిని వంటయింటికిని నీటిని మోసికొనివచ్చు గొట్టములను గూర్చి, అవి పగిలి నట్టింట నీరు కాఱువఱకు మనము తలపనే తలపము. ముప్పది నలువది యేండ్ల క్రిందట కట్టిన ఇండ్లలో ఈ గొట్టములు పెక్కింట ఇనుపవి. పైని జింకు పూత గల ఈ గొట్టములనే పనివాండ్రు జి.ఐ. పైపులందురు. అట్టి ఇండ్లలో కాపురము చేయు సోదరీమణులు మన తెలుగునాట ఎందఱో కలరు. ఆ గొట్టముల ఆయువు ఇప్పుడు తీరుచున్నది.

ఇది పురుషులు చూచుకొనవలసిన పని గదా యని కొందఱందురు. పురుషులు పగలెల్ల ఉద్యోగములయం దుందురు. ప్లంబరు వచ్చునది పగటివేళ. అతడు రెంచి చేతబట్టి, "అమ్మగారూ, అతికించమంటారా, మార్చమంటారా?" అని యడిగిన, బదులు చెప్పవలసినది ఇల్లాలే. ఆ బదులు మీద వేల రూపాయల వ్యయమును, ఒక్కొక్కప్పుడు ఇంటిల్లిపాది ఆరోగ్యమును ఆధారపడి యుండును. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి.

మేము నివసించు ఇల్లు మా మామగారు 1979లో కట్టించినది. కృష్ణా డెల్టాలోని చిన్న పట్టణము మాది. కాలువ పాఱు దినములలో పెద్దచెఱువు నింపుకొని, కాలువ కట్టివేసిన వేసవిలో ఆ చెఱువునీటినే శుద్ధిచేసి పురపాలకసంఘమువారు కుళాయిల కిత్తురు. అది త్రాగుటకును వంటకును. తక్కిన వాడుకకు పెరటిలోని బోరునీరు. ఆ నీటిలో పప్పు ఉడుకదు. సబ్బు నురుగు కట్టదు. కాగు అడుగున తెల్లని పెంకు కట్టును. ఈ రెండు నీళ్ళును రెండు విధములుగా నలువది యేండ్లపాటు మా ఇంటి గొట్టములను తినుచు వచ్చినవి.

ఇనుముపై జింకు పూత యేల యన్నది మావారు సైన్సు బోధించు ఉపాధ్యాయులు గనుక మాకు విడమఱచి చెప్పిరి. నీరు తగిలినప్పుడు జింకు తాను ముందు కరగి ఇనుమును కాపాడును. తాను క్షీణించుచు యజమానిని రక్షించు భృత్యునివంటి దన్నమాట. ఆ భృత్యుడున్నన్ని నాళ్ళు ఇనుమునకు భయము లేదు. అతడు గతించిన నాటినుండి త్రుప్పు ఆరంభము. గొట్టములను అతుకుటకై కొనలయందు మఱలు కోయుదురు గదా. అచ్చట జింకు మొదటినాడే లేచిపోవును. అందుచేతనే పాత గొట్టములు నడుమకంటె అతుకులకడ ముందుగా కాఱును. త్రుప్పునకు మఱియొక గుణము కలదు. అది తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును. లోపలివైపున బుడిపెలుగా పెరిగి, దానిపై కఠినజలములోని సున్నము పేరుకొని, గొట్టమును నానాటికి ఇఱుకు చేయును. మా స్నానపుగది గొట్టమును కోసి చూపినప్పుడు, 15 మిల్లీమీటర్ల రంధ్రముండవలసినచోట చిటికెనవ్రేలైనను దూఱలేదు.

ఇచ్చట గమనింపవలసిన లెక్క యొకటి కలదు. గొట్టపు వ్యాసము సగమైన వచ్చు నీరు సగమగునని అనుకొందుము. అట్లు గాదు. ఒత్తిడి అదియే యైనను ఇంచుమించు ఆఱవవంతు మాత్రమే వచ్చును. లోపల గరుకుగా నున్న అంతకన్న తక్కువ. "కుళాయి సన్నబడినది, ట్యాంకు ఎత్తు పెంచవలెను" అని సలహా చెప్పువారికి ఈ సంగతి తెలియదు. పదిమీటర్ల ఎత్తునుండి నీరు దిగిన గాని చదరపు సెంటీమీటరునకు ఒక కిలో ఒత్తిడి రాదు. మన మేడలపై ట్యాంకులు స్నానపుగది కుళాయికి మూడు నాలుగు మీటర్లకంటె ఎత్తున ఉండవు. ఆ కొద్దిపాటి ఒత్తిడిని త్రుప్పు మ్రింగివేయుచుండగా మఱియొక మీటరు ఎత్తు పెంచి ప్రయోజనమేమి?

రోగము తెలిసిన గాని మందు తెలియదు. కావున ప్లంబరును పిలుచుటకు ముందే ఇల్లాలు తాను చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. వీనికి పనిముట్లతో పనిలేదు.

తెల్లవాఱుజామున తొలి చెంబు నీరు ఎఱ్ఱగా వచ్చి, రెండు బిందెలు పోయిన పిమ్మట తేటపడిన, ఆ త్రుప్పు మీ గోడలోనిదే. రాత్రియంతయు నీరు నిలిచి త్రుప్పును నానబెట్టుటచే అట్లగును. దినమెల్ల అదే రంగున నుండి, పొరుగింటను అట్లే యుండిన, దోషము వీధి గొట్టమునందున్నది. వేడినీటి కుళాయి ఒక్కటియే ఎఱ్ఱగా నున్న గీజరు తొట్టి పోయినదనవచ్చును.

నీరెక్కడో పోవుచున్నదని అనుమానమైన, రాత్రి అందఱు పండుకొనిన పిదప కుళాయిలన్నియు కట్టి, ట్యాంకులో నీటిమట్టమునకు సుద్దతో గీత గీయుడు. తెల్లవాఱి చూచిన ఎంత తగ్గినదో తెలియును. మరుగుదొడ్డి తొట్టి కాఱుచున్నదా యని తెలియుటకు అందులో చిటికెడు మిఠాయిరంగు వేసి, అరగంట ఎవ్వరును నీరు వదలకుండ చూడవలెను. క్రింది పాత్రలోనికి రంగు దిగినచో లోపలి రబ్బరు చెడినది. చప్పుడు లేక పోవు ఈ నీరు కుళాయి బొట్లకంటె ఎక్కువ. మా ఇంట ఏడాదిపాటు కరెంటు బిల్లు ఎందులకు పెరుగుచున్నదో ఎవ్వరికిని తెలియలేదు. కాఱిన నీటిని మరల నింపుటకు మోటారు దినమునకు మఱియొక మాఱు తిరుగుచుండెను.

గోడ చెమ్మకు కారణము కనుగొనుట కొంచెము కష్టము. ఎల్లకాలము ఒకే తీరున చెమ్మ యున్న మంచినీటి గొట్టము; ఆ గొట్టములో నీరెప్పుడును ఒత్తిడితో నుండును గదా. స్నానములైన పిమ్మట మాత్రమే పెరిగి మధ్యాహ్నమునకు తగ్గిన, అది మురుగు గొట్టముదో స్నానపుగది నేలదో. వానకాలమున మాత్రమే కనబడిన పైకప్పు చూడుడు. ఈ మూడింటి భేదము తెలియక, గొట్టము బాగుగానున్న గోడను పగులగొట్టించుకొనినవారిని మేమెఱుగుదుము.

ఇక మరమ్మతు సంగతి. కుళాయి బొట్టుబొట్టుగా కాఱుచున్న అది గొట్టము దోషము కాదు. లోపలి వాషరు అరిగినది. పై గేట్ వాల్వు కట్టి, కుళాయి విప్పి మిగిలిన నీటిని పోనిచ్చి, తలభాగమును రెంచితో త్రిప్పిన స్పిండిలు పైకి వచ్చును. దాని చివర అరిగిన వాషరు తీసి అదే కొలత గల క్రొత్తది పెట్టుట పది నిమిషముల పని. విప్పునప్పుడు జాలాడి రంధ్రముపై గుడ్డ పఱచుట మఱవరాదు. చిన్న మఱ జాఱిపడిన దొరకదు. పిడికడ నీరు చిమ్ముచున్న స్పిండిలు చుట్టు ఉన్న బిళ్ళను బిగించినను, కొంచెము దారము చుట్టినను ఆగిపోవును. ట్యాంకు నిండి పొర్లుచున్న బంతి వాల్వును చూడవలెను. ఈ మూడు పనులకును పురుషసాహాయ్యము అక్కఱలేదు. మా పెద్దపిల్ల ఎనిమిదవ తరగతిలోనే నేర్చినది.

గోడలోని గొట్టము కాఱుట వేఱు. మా వంటయింటి గోడలో 2019లో మొదటి చెమ్మ కనబడెను. ప్లంబరు గోడ కొట్టి, ఎం-సీల్ ముద్ద పెట్టి, పైన సైకిలు ట్యూబు చుట్టి తీగతో బిగించి పోయెను. అది నాలుగు మాసములు నిలిచెను. తరువాత ఆ ముక్కను కోసి క్రొత్త ముక్క వేసిరి. పదునైదు దినములలో దాని ప్రక్క ఎల్బోవద్ద కాఱసాగెను. రెండవమాఱు వచ్చినవాడు వృద్ధుడు, ఈ పనిలోనే తల నెఱసినవాడు. గోడ చూచి రెంచి క్రింద బెట్టి, "అమ్మగారూ, ఈ జాయింటు ముట్టుకుంటే ఆ జాయింటు ఊడుతుంది. నాకు కూలి వస్తుంది గానీ మీకు ఇల్లు మిగలదు" అనెను. అంత నిజాయితీగా చెప్పిన పనివాని మాట వినవలెను. త్రుప్పు పట్టిన వరుసలో ఒక అతుకును రెంచితో మెలిపెట్టిన, ఆ మెలి గొట్టము వెంబడి పోయి తరువాతి అతుకును కదల్చును. పాత చీర చిరుగునకు దగ్గఱగా కుట్టు వేసిన కుట్టు ప్రక్కననే మఱల చినుగుట చూచియే యుందుము.

అయినను మార్చుటకు ఇంట సమ్మతి సులభముగా రాలేదు. మావారికి వ్యయభయము. మా అత్తగారికి, తమ భర్త దగ్గఱ నిలిచి కట్టించిన గోడలు పగులగొట్టుదురా యను బాధ. దేవతార్చన గది గోడలోనుండి కూడ ఒక గొట్టము పోవుచుండుటచే ఆమె అసలే ఒప్పుకొనలేదు. ఈ వాదము రెండేండ్లు నడచెను. దానిని తీర్చినది మా మాటలు కావు. వీధిలోనికి వచ్చిన రోగము.

2021 వానకాలమున మా వీధిలో నాలుగిండ్లలో పచ్చకామెర్లు కనబడెను. అప్పుడు మా ఆడపడుచు పురిటికై పుట్టింటికి వచ్చియుండెను, ఏడవ మాసము. వైద్యురాలు మమ్ము వేఱుగా పిలిచి చెప్పిన సంగతి సోదరీమణులందఱును ఎఱుగవలసినది. మలినజలము మూలమున వచ్చు కామెర్లలో హెపటైటిస్ ఎ అనియు, హెపటైటిస్ ఇ అనియు రెండు విధములు కలవు. అందు రెండవది తక్కినవారిలో పలువురికి కొద్ది వారములలో తగ్గిపోవును. గర్భవతులకు, అందును చివరి మూడు మాసములలో, అది మృత్యువువంటిది. అట్టి స్థితిలో దాని బారిన పడినవారిలో నూటికి 20 నుండి 25 మంది వఱకు మరణింపవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. నాటినుండి మా ఇంట పండ్లు తోముకొనుటకు కూడ తెర్లి కాగిన నీరే.

కాచిన నీరు త్రాగుట ప్రాణరక్షణమే గాని కారణము తెలియవలదా? చెఱువుకడ శుద్ధి సక్రమముగానే జరుగుచుండెను. వీధి మొదట నీటిలో క్లోరిన్ ఉండెను. మా కుళాయి నీటిలో దాని జాడ లేదు. పరీక్షించుటకు వాడు మందుచుక్కలు నీటిలో వేసిన, క్లోరిన్ ఉన్న పసుపురంగు వచ్చును. మా నీరు తెల్లగానే నిలిచినది. మలసంబంధమైన మాలిన్యమును తెలుపు చిన్న సీసా కూడ దొరకును. నీరు పోసి ఒకటి రెండు దినములుంచిన, మాలిన్యమున్నచో నల్లబడును. మాది మఱునాటికే నల్లబడెను.

దోషము వీధిలోనుండి ఇంటికి వచ్చు గొట్టమునం దుండెను. పాతకాలమున కుళాయి ఇచ్చునప్పుడు, వీధి నడుమనున్న పెద్దగొట్టమునుండి అరంగుళపు ఇనుపగొట్టమును దగ్గఱదారిని ఇంటికి తెచ్చిరి. ఆ దగ్గఱదారి మురుగుకాలువ గుండ. ఇది మా యొక్క వీధి మాట కాదు. మన పట్టణములలో ఏ పాత వీధినైనను నడచి, ఇండ్ల ముందటి కాలువలోనికి తొంగిచూచిన, మురుగులో మునిగి పోవుచున్న మంచినీటి గొట్టములు కానవచ్చును. మా గొట్టమును పైకి లాగినప్పుడు, మురుగులో నున్న మూరెడు మేర జల్లెడయై యుండెను.

రంధ్రమున్న నీరు బయటికి పోవును గాని, మురుగు లోని కెట్లు వచ్చునని మా అత్తగారడిగిరి. ఆమె ప్రశ్న సరియైనదే. గొట్టములో ఎల్లవేళల ఒత్తిడితో నీరున్నచో మురుగు లోనికి రాజాలదు. కాని మన పట్టణములలో నీరు ఉదయమొక గంట, సాయంకాలమొక గంట మాత్రమే వచ్చును. నీరు కట్టివేసినంతనే పెద్దగొట్టము పల్లమువైపునకు ఖాళీయగుచు వెనుకనున్న గాలిని లాగును. గాలికి బదులు ఆ రంధ్రముచుట్టు మురుగున్న మురుగునే లాగును. మఱునాడు నీరు వదలినప్పుడు ఆ మురుగు మొట్టమొదటి బిందెలో మన ఇంటికి వచ్చును. ఇది చాలదన్నట్లు, నీరు సన్నముగా వచ్చుచున్నదని కొందఱు కుళాయి గొట్టమునకే మోటారు తగిలించి లాగుదురు. అది చట్టవిరుద్ధమన్న మాట అటుంచి, ఆ మోటారు పొరుగువారి గొట్టములకు గల ప్రతిరంధ్రమునుండియు మురుగును పీల్చి అందఱికిని పంచిపెట్టుచున్నది. మా వీధిలోను అట్టి మోటారులు మూడుండెను.

ఈ మాటలు అతిశయోక్తులని యెవరైన తలచిన, 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూరునను, 2018 మార్చిలో గుంటూరునను త్రాగునీటిలో మురుగు కలిసి ప్రాణములు పోయిన సంగతి గుఱుతుచేయుదుము.

మేము మా వీధి ఆడవారమెల్ల ఒక మధ్యాహ్నము పురపాలకకార్యాలయమునకు పోయి నల్లబడిన సీసాను బల్లమీద పెట్టితిమి. వీధి గొట్టము వారిది. ఇంటి గొట్టము మనది. కావున కాలువలోని ముక్కను మీరే మార్చుకొనుడని వారి బదులు. తగవులాడి లాభములేదని పదునొక ఇండ్లవారము కలిసి పని చేయించితిమి. ప్రతియింటి గొట్టమును మురుగునుండి లేపి, కాలువ గట్టుకంటె ఎత్తుగా, పెద్దగొట్టపు తొడుగులో దాటించిరి. విడివిడిగా చేయించిన మాటిమాటికి రోడ్డు త్రవ్వవలసియుండెడిది. కలిసి చేయించుటచే ఒక్కొక్క ఇంటికి 2,300 రూపాయలైనవి. మోటారు పెట్టినవారిలో ఇద్దఱు తామే తీసివేసిరి. మూడవవారి యిల్లాలు మాతో కొన్నాళ్ళు పలుకలేదు. మా ఆడపడుచునకు కార్తికములో సుఖప్రసవమై ఆడపిల్ల కలిగినది. అటుపిమ్మట ఇంటి గొట్టములు మార్చుటకు మా అత్తగారే తొందరించిరి.

నీటి పరీక్ష పెద్దచదువుల పని యని ఎవ్వరును జంకనక్కఱలేదు. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు ఈ పరీక్షలు చేయుట నేర్పవలెనని ఏర్పాటు చేసిరి. పచ్చడి ఉప్పు కారములు నాలుకతో కనిపెట్టగల వారికి ఇది లెక్కలోనిది కాదు.

ఇక క్రొత్త గొట్టము లెట్టివి వేయవలెను? జి.ఐ. మరల వేయవచ్చును గాని, బోరునీరు ఉప్పనగా నున్నచోట వేయకుండుట మేలు. తెల్లని యు.పి.వి.సి. చన్నీళ్ళకు మాత్రమే, వేడినీరు తగిలిన మెత్తబడును. సి.పి.వి.సి. అనునది 93 డిగ్రీల వేడిమివఱకు తట్టుకొనును. గీజరు గొట్టమునకు అదియే తగినది. మేము ఇంటిలోపల అంతటను దానినే వేయించితిమి. కొనునప్పుడు గొట్టముపై ఐ.ఎస్.ఐ. ముద్రను, దాని క్రింది సంఖ్యను చదువవలెను: సి.పి.వి.సి. గొట్టమునకు 15778, చన్నీటి యు.పి.వి.సి. గొట్టమునకు 4985, జి.ఐ. గొట్టమునకు 1239. పూర్వము పి.వి.సి. గొట్టముల తయారీలో సీసపు లవణములు కలుపుట కలదు. సీసము పిల్లల మెదడునకు హానికరము. దానిని అరికట్టుటకు 2021లో కేంద్రప్రభుత్వమువారు నియమములు చేసిరి. కావున పేరులేని చౌక గొట్టమును త్రాగునీటికి వాడరాదు. ట్యాంకునుండి దిగు గొట్టము అంగుళపుది, గదులకు పోవునది ముప్పావంగుళపుది, కుళాయికడ మాత్రము అరంగుళపుది యుండిన నీరు ధారాళముగా వచ్చును. మొదటినుండియు అరంగుళపుది వేసి సొమ్ము మిగిల్చినామనువారు కుళాయికడ బిందె పట్టుకొని నిలుచుచునే యుందురు. ఎండ తగులుచోట ఈ గొట్టములకు రంగు వేయించవలెను, లేనిచో పెళుసెక్కును.

అతుకుట మఱలతో గాదు, జిగురుతో. కోత వంకర లేకుండ నుండి, అంచు నూగు తీసి, తడి తుడిచి, రెంటికిని జిగురు పూసి, లోనికి నెట్టి కాలుచుట్టు త్రిప్పి కొన్ని క్షణములు కదలక పట్టుకొనవలెను. పనివాడు తడి గొట్టమునకు జిగురు పూయుచున్నచో నిస్సంకోచముగా ఆపుడు. సాయంకాలము అతికి వెంటనే నీరు వదలుమనుట కూడ తగదు. ఒక దినము ఆఱనిచ్చుట మేలు.

గోడ మూయక మునుపు చేయవలసినవి రెండు. కొనలన్నిటికి బిరడాలు బిగించి, పంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు దిగక నిలుచునో లేదో కొన్ని గంటలు చూడవలెను. మేస్త్రీ గోడ పూయుటకు తొందరపడును, వినరాదు. పరీక్షయైన పిమ్మట ప్రతిగోడకును, కొలబద్ద ఆనించి, సెల్‌ఫోనుతో ఫోటో తీయుడు. మేకు కొట్టునప్పుడు గొట్టమెచ్చటనో ఊహింపనక్కఱలేదు.

మఱియొక సంగతి ప్లంబరు చెప్పడు, ఎలక్ట్రీషియను అడుగడు. కాని ప్రాణములతో కూడినది. పాత ఇండ్లలో పెక్కింట విద్యుత్తు ఎర్తు తీగను ఇనుప నీటిగొట్టమునకే చుట్టియుందురు. ఇనుపగొట్టము భూమిలోనికి పోవుటచే అది ఏదో విధముగా పనిచేయుచుండెను. ఆ గొట్టమును తీసి ప్లాస్టిక్ గొట్టము వేసిననాడే ఎర్తు తెగిపోవును. అటుపై గీజరులో దోషము కలిగిన కుళాయి తాకినవారికి షాకు తగులును. మా ఇంట గీజరు వెనుక అట్లే తీగ చుట్టియుండుట కనబడెను. పెరటిలో వేఱుగా ఎర్తు గొయ్యి త్రవ్వించి, దానికి తీగ కలిపిన పిమ్మటగాని గీజరు మీట వేయలేదు.

మురుగు గొట్టములను గూర్చి కొంచెమే చెప్పెదము. పూర్వపు మట్టిగొట్టముల అతుకులలో చెట్లవేళ్ళు దూఱును. మా పెరటి వేపచెట్టు ఇట్లే చేసినది. స్నానపుగదిలో దుర్గంధము వచ్చిన జాలాడి క్రింది ట్రాపులో నీరున్నదో లేదో చూడుడు. ఆ నీరే మురుగువాయువునకు అడ్డు. సెలవులలో ఊరికి పోయి వచ్చునప్పటికి ఆ నీరు ఇగిరి వాసన వచ్చును. చెంబెడు నీరు పోసిన పోవును. మరుగుదొడ్డి గొయ్యి నిండిన, అందులోనికి మనుష్యుని దింపుమని ఎవ్వరును చెప్పరాదు. 2013 చట్టము దానిని నిషేధించినది. ఆ గొయ్యిలోని వాయువు క్షణములో మనుష్యుని పడగొట్టును. యంత్రపు బండి వచ్చు దినము వఱకు ఆగవలెను. ఆలస్యమైనను, ఎక్కువ సొమ్మైనను.

మా ఇంటి పని 2022 మేలో, బడి సెలవులలో, తొమ్మిది దినములు పట్టెను. గొట్టములు, వాల్వులు, కుళాయిలు కలిసి 24,000 రూపాయలు; ప్లంబరు కూలి 18,000; గోడలు గాడికొట్టి పూయుటకును పలకలకును 21,000. పాత ఇనుము అమ్మగా కొంత చేతికి వచ్చెను. ఈ సొమ్ము మావారి జీతములోనిది కాదు. మేము నెలనెల కట్టిన చీటీ పాడి తెచ్చితిమి. దేవతార్చన గది గోడ పగులగొట్టలేదు. గొట్టమును బయటి గోడ వెంబడి త్రిప్పించితిమి. ఎనిమిది అడుగులు ఎక్కువ పట్టినది, అంతియే. మా అత్తగారికి ఆ సంతోషము చాలును. గొట్టము బయట నుండుటచే చూచుకొనుట కూడ సులువైనది. అసలు గోడలో దాచుటకంటె ఇట్లు బయట వేయించుటయే మేలని ఇప్పుడు మాకు తోచుచున్నది. అందము తక్కువయని ఇతరు లనవచ్చును.

గదికొక వాల్వు పెట్టించితిమి. ఒకచోట చెడిన ఇల్లంతటికి నీరు కట్టవలసిన పని లేకుండ. మా పెద్దపిల్ల గొట్టముల పటము గీసినది. పురపాలకపు నీటికి నీలము, బోరునీటికి ఆకుపచ్చ, వేడినీటికి ఎఱుపు, వాల్వులున్నచోట నల్లచుక్కలు. దానిని వంటయింటి బీరువా తలుపు లోపల అంటించితిమి. నెలకొకమాఱు, మొదటి ఆదివారమున, ఆ చుక్కల వెంబడి పోయి వాల్వులను మూసి తెఱచుట చిన్నవాని పని. త్రిప్పక వదలిన అవి బిగిసిపోవును. వీధి వరండాలో కాళ్ళు కడుగుకొను కుళాయి గొట్టము మాత్రము నేటికిని పాత ఇనుపదియే. చీటీ మరల మా వంతు వచ్చినప్పుడు దానిని మార్చెదము.